ఆనవాలు మారితే పరీక్ష ఏం చేస్తుంది, టీకా ఏం చేస్తుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే. బ్యాక్టీరియా జన్యువులు మారిపోతుంటే, వాటిని పట్టే పరీక్షలనూ ఆపే టీకాలనూ ఎంతవరకు నమ్మాలి? జవాబులకు ముందు ఒక్క మాట. పరీక్షైనా టీకా అయినా బ్యాక్టీరియాను నిలువెల్లా చూడదు. దాని ఒంటి మీదో జన్యువులోనో ఒక చిన్న ముక్కను ఆనవాలుగా పెట్టుకుంటుంది. ఏ ముక్కను పట్టుకున్నాం? ఆ ముక్క పోతే బ్యాక్టీరియాకు నష్టమెంత? కింద ఏ జవాబు చదివినా ఈ రెండు ప్రశ్నలు మనసులో ఉంచుకోండి.

ప్రశ్న: ఒకే జాతి బ్యాక్టీరియా అంటూనే లోపల జన్యువులు వేరంటారు. ఎంత వేరు? ఆ తేడా ఎలా వస్తుంది? – బీఎస్సీ విద్యార్థిని

చాలా వేరు. 2002లో మూడు ఈ-కోలై రకాల జన్యుపటాలను పక్కపక్కన పెట్టి చూశారు. ఒకటి ప్రయోగశాలల్లో వాడే కె-12, రెండోది రక్త విరేచనాలు తెచ్చే ఓ157, మూడోది మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ తెచ్చే సీఎఫ్‌టీ073. మూడింటి ప్రొటీన్లన్నీ ఒక జాబితాగా రాస్తే, అందులో మూడింటికీ ఉమ్మడిగా ఉన్నవి 39 శాతమే. పేరు ఒకటే, సరంజామా మాత్రం ఎవరిది వారిదే.

తేడా మూడు దారుల్లో వస్తుంది. మొదటిది నకలు రాసేటప్పుడు దొర్లే తప్పు. ఈ-కోలైకి దాదాపు 46 లక్షల డీఎన్‌ఏ అక్షరాలు. సుమారు వెయ్యి విభజనలకు ఒక తప్పు పడుతుందనుకున్నా, రాత్రికి రాత్రి వంద కోట్ల కణాలు పెరిగే ఒక్క మిల్లీలీటరు బ్రాత్‌లో (బ్యాక్టీరియాను పెంచే ద్రవంలో) తెల్లారేసరికి లక్షల కొద్దీ కొత్త మార్పులు ఉంటాయి. రెండోది పక్కవాటి నుంచి తెచ్చుకోవడం. ప్లాస్మిడ్లు అనే చిన్న డీఎన్‌ఏ వలయాలు, బ్యాక్టీరియాకు సోకే ఫేజ్ వైరస్‌లు జన్యువులను మోసుకొస్తాయి, కొన్ని బ్యాక్టీరియాలైతే చచ్చిన కణాల డీఎన్‌ఏనే లోపలికి లాక్కుంటాయి. 1928లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్‌లో గమనించింది ఇదే. చంపేసిన కవచమున్న రకాన్నీ, బతికున్న కవచం లేని రకాన్నీ కలిపి ఎలుకలకు ఎక్కిస్తే ఎలుకలు చనిపోయాయి, వాటి రక్తంలో కవచమున్న బ్యాక్టీరియా సజీవంగా కనిపించింది. మూడోది స్విచ్‌లాంటి మార్పు, దాని గురించి న్యుమోనియా టీకా జవాబులో చెబుతాం.

ఈ గుణం అన్ని జాతులకూ ఒకేలా ఉండదు. క్షయ బ్యాక్టీరియా ఇతరుల నుంచి దాదాపు ఏమీ తెచ్చుకోదు, దాని మొత్తం జన్యుపటంలో రెండేళ్లకు ఒక అక్షరం మారితే ఎక్కువ. న్యుమోకాకస్, మెదడు పొరల వాపు తెచ్చే మెనింగోకాకస్, కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబాక్టర్ మాత్రం ఇచ్చిపుచ్చుకోవడంలో దిట్టలు. పరీక్ష తయారుచేసేవారు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

ప్రశ్న: స్టెఫైలోకాకస్ ఆరియస్ కల్చర్‌లో సెఫాక్సిటిన్ మందు డిస్క్ చుట్టూ జోన్ (బ్యాక్టీరియా పెరగని వలయం) 17 మి.మీ. వచ్చింది, అంటే ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్‌కు లొంగని స్టెఫ్ ఆరియస్). కానీ ఆ నిరోధకతనిచ్చే మెక్-ఎ జన్యువును వెతికే పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకు నకళ్లు తీసి చూసే పరీక్ష) నెగటివ్. ఇంటర్నల్ కంట్రోల్ చక్కగా వచ్చింది. ఏ రిపోర్టు ఇవ్వాలి? – ల్యాబ్ టెక్నీషియన్

ముందుగా, పీసీఆర్‌ను నమ్మి 'సెఫాక్సిటిన్ పనిచేస్తుంది' అని మాత్రం రాయకండి. సెఫాక్సిటిన్ 30 మైక్రోగ్రాముల డిస్క్‌కు 21 మి.మీ. లేదా అంతకంటే తక్కువ జోన్ వస్తే నిరోధకత కిందే లెక్క. డిస్క్ చూసేది బ్యాక్టీరియా ప్రవర్తనను, పీసీఆర్ చూసేది మనం ముందే ఊహించుకున్న ఒక జన్యువును. రెండూ తగవులాడుకుంటే, తేలేదాకా రోగి విషయంలో ప్రవర్తన వైపే మొగ్గాలి.

ఇంటర్నల్ కంట్రోల్ వచ్చిందని నిశ్చింతగా ఉండటం చాలామంది చేసే పొరపాటు. మీరు బయట నుంచి కలిపే కంట్రోల్ డీఎన్‌ఏకు దాని ప్రైమర్లు (లక్ష్యానికి అతుక్కుని నకలు మొదలుపెట్టించే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) దానికే ఉంటాయి. రియాక్షన్‌ను ఏదీ అడ్డుకోలేదని మాత్రమే అది చెబుతుంది. బ్యాక్టీరియా గోడ పగిలి డీఎన్‌ఏ బయటికి వచ్చిందో లేదో దానికి తెలియదు. అది తెలియాలంటే స్టెఫ్ ఆరియస్‌కే ఉన్న నక్ జన్యువు కూడా అదే ట్యూబులో పాజిటివ్ రావాలి. నక్ వచ్చినా సరే, మెక్-ఎ ప్రైమర్లు ఈ రకానికి సరిగ్గా అతుక్కున్నాయని రుజువేమీ లేదు.

పని ఈ వరుసలో చేయండి. పాత ప్లేటును పక్కన పెట్టి, ఒక్క కాలనీని బ్లడ్ అగార్ మీద గీసి 35 డిగ్రీల దగ్గర 18 నుంచి 24 గంటలు పెంచండి. కోయాగ్యులేజ్ (స్టెఫ్ ఆరియస్‌ను గుర్తించే పరీక్ష), డిస్క్, డీఎన్‌ఏ మూడూ ఆ ఒక్క ప్లేటు నుంచే తీయండి. మొదటిసారి డిస్క్ ఒక కాలనీ మీద, పీసీఆర్ మరో కాలనీ మీద చేసి ఉంటే, మధ్యలో కోయాగ్యులేజ్ నెగటివ్ స్టెఫ్ కలిసి ఉండొచ్చు. సగం చిక్కులు ఇక్కడే విడిపోతాయి. డిస్క్‌కు 0.5 మెక్‌ఫార్లాండ్ చిక్కదనం, ముల్లర్-హింటన్ అగార్ 4 మి.మీ. మందం ఉండాలి. ఇంక్యుబేటర్ 35 డిగ్రీలు దాటకూడదు, ఎందుకంటే వేడి ఎక్కువైతే ఈ నిరోధకత బయటపడకుండా ఉండిపోతుంది. డీఎన్‌ఏ తీసేటప్పుడు ఉడకబెట్టడం ఒక్కటే చాలదు. స్టెఫ్ గోడ గట్టిది, దాన్ని కరిగించే లైసోస్టాఫిన్ ఎంజైము కలపండి. వచ్చిన డీఎన్‌ఏను ఉన్నదున్నట్టు ఒకసారి, పదిరెట్లు పలచన చేసి ఒకసారి నడపండి.

అప్పటికీ నక్ పాజిటివ్, మెక్-ఎ నెగటివ్, జోన్ చిన్నదిగానే ఉంటే మెక్-సి ప్రైమర్లతో చూడండి. 2011లో బ్రిటన్, డెన్మార్క్‌లలో మనుషుల్లోనూ పశువుల్లోనూ బయటపడిన జన్యువిది. చేసే పని మెక్-ఎ పనే, అక్షరాలు మాత్రం 70 శాతమే కలుస్తాయి. అందుకే మెక్-ఎ పీసీఆర్ దాన్ని చూడలేదు, మెక్-ఎ తయారుచేసే ప్రొటీన్‌ను వెతికే పీబీపీ-2ఎ లేటెక్స్ పరీక్ష కూడా చాలాసార్లు తప్పిపోతుంది. ఇలాంటి రకంలో ఆక్సాసిలిన్ విలువలు తక్కువగా కనిపించి మభ్యపెడతాయి, సెఫాక్సిటిన్ డిస్కే దాన్ని పట్టిస్తుంది. మెక్-సి కూడా లేకపోతే పెన్సిలిన్ వర్గపు మందులను విరిచే బీటా-లాక్టమేజ్ ఎంజైమును విపరీతంగా తయారుచేసే రకమో, పెన్సిలిన్ అతుక్కునే ప్రొటీన్ల (పీబీపీ) జన్యువుల్లో మార్పున్న రకమో కావచ్చు. అప్పుడు పెద్ద ల్యాబ్‌కు పంపి జన్యుపటం చదివించాలి. మొదటి కల్చర్‌నే 15 నుంచి 20 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 70 డిగ్రీల దగ్గర దాచండి. పదేపదే తిరగ పెంచితే కొన్ని జన్యువులు రాలిపోతాయి. ఓ157లో షిగా విషపు జన్యువు ఇలా మాయమవడం బాగా తెలిసిన సంగతి.

ఇక మీరు అడగని ప్రశ్న: ఒక్క అక్షరం తేడాతో పీసీఆర్ నిజంగా తప్పిపోతుందా? తేడా ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి ఉంటుంది. 20 అక్షరాల ప్రైమర్‌లో మొదట్లో ఒక తేడా పడితే పెద్దగా తెలియదు. చివరి అక్షరంలో, అంటే పాలిమరేజ్ కొత్త గొలుసు అల్లడం మొదలుపెట్టే కొసలో తేడా పడితే పని మందగిస్తుంది లేదా ఆగిపోతుంది. మందగించినప్పుడు సీటీ విలువ (సంకేతం కనిపించడానికి పట్టిన సైకిళ్ల సంఖ్య) నాలుగైదు సైకిళ్లు ఆలస్యంగా వస్తుంది. ముక్క మొత్తం ఎగిరిపోతే ఏమీ రాదు. 2006లో స్వీడన్‌లోని హాలండ్ ప్రాంతంలో లైంగికంగా సోకే క్లమీడియా కేసులు ఉన్నట్టుండి 25 శాతం తగ్గాయి. వ్యాధి తగ్గలేదు, పరీక్ష గుడ్డిదైంది. ప్లాస్మిడ్‌లో సరిగ్గా ప్రైమర్లు అతుక్కునే చోట 377 అక్షరాలు లేని రకం పుట్టి, దొరకకుండా, చికిత్స అందకుండా పాకిపోయింది. ఆ ముక్క లేకపోయినా బ్యాక్టీరియాకు ఏ లోటూ రాలేదు. ఆ తర్వాత తయారీదారులు రెండో లక్ష్యాన్ని చేర్చారు. 2019లో ఫిన్లాండ్‌లో మరో పరీక్షను తప్పించుకున్న క్లమీడియాకు, ఆ పరీక్ష వెతికే 23ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ అనే ముక్కలో ఒక్క అక్షరం మార్పే సరిపోయింది. అందువల్ల కిట్ కొనేటప్పుడు లక్ష్యాలు ఎన్ని, అవి జన్యుపటంలో దూరదూరంగా ఉన్నాయా అని అడగండి. రెండు లక్ష్యాల కిట్‌లో ఒకటి పదేపదే రాకపోతే 'పాజిటివే కదా' అని వదిలేయకుండా విడిగా రాసిపెట్టండి. కొత్త రకం తొలి అడుగు సాధారణంగా అలాగే కనిపిస్తుంది.

ప్రశ్న: పిల్లల న్యుమోనియా టీకాలో మొదట 7 రకాలన్నారు, తర్వాత 13, ఇప్పుడు 15, 20 అంటున్నారు. మా బాబుకు 13 రకాలది రెండు డోసులు వేయించాం. అది పాతబడిపోయినట్టేనా? – ఒక తల్లి

పాతబడలేదమ్మా. వేయించిన డోసులు వృథా కావు, మొదటి నుంచి మళ్లీ వేయించాల్సిన అవసరమూ లేదు. మొదలుపెట్టిన టీకాతోనే పూర్తి చేయడం మేలు. అది దొరక్కపోతే మీ పిల్లల డాక్టరు చెప్పిన మరో రకంతో మిగతా డోసు పూర్తి చేయవచ్చు. డోసు ఆలస్యం కావడమే అసలు నష్టం.

సంఖ్య ఎందుకు పెరుగుతోందో చెబుతాం. న్యుమోకాకస్ ఒంటికి చక్కెర గొలుసుల కవచం ఉంటుంది. రక్తంలో తెల్లకణాలు మింగకుండా కాపాడేది అదే. కవచం పోతే రక్తంలో అది బతకలేదు, కాబట్టి టీకాకు ఇది మంచి ఆనవాలు. చిక్కేమిటంటే కవచాల నమూనాలు వందకు పైగా ఉన్నాయి. ఒక నమూనాకు తయారైన యాంటీబాడీ మరోదాన్ని సాధారణంగా పట్టుకోదు.

అమెరికాలో 2000లో 7 రకాల టీకా వచ్చాక ఆ ఏడు రకాల తీవ్ర వ్యాధి పిల్లల్లో దాదాపు కనుమరుగైంది. పిల్లల నుంచి సోకడం తగ్గడంతో టీకా వేయించుకోని పెద్దలకూ మేలు జరిగింది. కానీ పిల్లల ముక్కు వెనుక ఖాళీ అయిన చోటును టీకాలో లేని రకాలు ఆక్రమించాయి, అందులో 19ఎ ముందుంది. టీకా దాన్ని పుట్టించలేదు. అప్పటికే కొద్దిగా ఉన్నదానికి పోటీ తగ్గింది. దీనితోపాటు ఇంకో సంగతి జరిగింది. 4వ రకం కవచమున్న ఒక న్యుమోకాకస్, 19ఎ నుంచి దాదాపు 39 వేల అక్షరాల డీఎన్‌ఏ ముక్కను తెచ్చుకుని కవచాన్నే మార్చేసుకుంది. కవచపు జన్యువులకు రెండు పక్కలా పెన్సిలిన్ అతుక్కునే ప్రొటీన్ల జన్యువులు ఉంటాయి. ఆ ఒక్క ముక్కతోనే కొత్త కవచమూ, పెన్సిలిన్‌ను తట్టుకునే గుణమూ కలిసి వచ్చేశాయి. 2010లో 13 రకాల టీకాలో 19ఎ చేరాక అది వెనక్కి తగ్గింది. 15 రకాల టీకాలో 22ఎఫ్, 33ఎఫ్ చేరాయి, 20 రకాలదానిలో వాటికి తోడు మరో ఐదు.

అన్ని రకాలూ టీకాకు ఒకేలా లొంగవు. 3వ రకం తన కవచాన్ని గోడకు గట్టిగా అతికించుకోదు, చుట్టుపక్కలకు విడిచిపెడుతూ ఉంటుంది. యాంటీబాడీలు ఆ విడిపోయిన గొలుసులకు అంటుకుని ఖర్చైపోతాయి. అందుకే టీకాలో ఉన్నా 3వ రకం మీద ఫలితం తక్కువ.

మొదటి జవాబులో చెప్పిన స్విచ్ 15బి రకంలో కనిపిస్తుంది. దాని కవచపు జన్యువుల్లో ఒకచోట టీ, ఏ అనే రెండక్షరాల జంట వరుసగా ఎనిమిదిసార్లు వస్తుంది. నకలు రాసేటప్పుడు ఎంజైము ఇక్కడ జారి ఒక జంట తక్కువో ఎక్కువో రాసేస్తుంది. జన్యువును మూడేసి అక్షరాలుగా చదువుతారు కాబట్టి, రెండక్షరాలు తప్పితే ఆ తర్వాతి వాక్యమంతా అర్థం లేకుండా పోతుంది. చక్కెర గొలుసుకు ఎసిటైల్ తగిలించే ఎంజైము తయారు కాదు, 15బి కాస్తా 15సి అవుతుంది. మళ్లీ జారితే మళ్లీ 15బి. ఒకే కాలనీలో రెండూ ఉండొచ్చు. అందుకే కవచపు రకాన్ని తేల్చే సీరోటైపింగ్ చేసేవారు ఈ రెండింటినీ చాలాసార్లు 15బి/సి అని కలిపే రాస్తారు.

కవచపు చక్కెర ఒక్కటే ఇస్తే రెండేళ్లలోపు పిల్లల శరీరం సరిగ్గా స్పందించదు, దానికి ఒక ప్రొటీన్‌ను జోడించాలి. చాలా టీకాల్లో జోడించే ప్రొటీన్ పేరు సీఆర్‌ఎం-197. అది కంఠసర్పి విషమే, ఒక్క అమైనో ఆమ్లం మారడంతో విషగుణం పోయింది. బ్యాక్టీరియా జన్యువుల్లోని మార్పు మనకు మేలు చేసిన సందర్భమిది.

ప్రశ్న: చిన్నప్పుడు బీసీజీ వేశారు. ఇప్పుడు క్షయ చర్మ పరీక్షలో 12 మి.మీ. వాపు వచ్చింది, రక్తంతో చేసే ఇంటర్‌ఫెరాన్ పరీక్ష నెగటివ్. రెండింటిలో ఏది నిజం? – నర్సింగ్ విద్యార్థిని

మీరు ఆరోగ్యంగా ఉండి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులేవీ వాడకపోతే, వాపుకు కారణం బీసీజీ కావడానికే అవకాశం ఎక్కువ. చర్మ పరీక్షలో వాడే ట్యూబర్క్యులిన్ ఎన్నో ప్రొటీన్ల కలగూరగంప. అందులో చాలావి బీసీజీలోనూ ఉన్నాయి.

కాల్మెట్, గెరాన్ 1908 నుంచి 1921 వరకు పశుక్షయ బ్యాక్టీరియాను 230 సార్లు తిరగ పెంచి బీసీజీని తయారుచేశారు. ఆ ప్రయాణంలో అది ఆర్‌డీ-1 అనే దాదాపు తొమ్మిదిన్నర వేల అక్షరాల ముక్కను పోగొట్టుకుంది. ఈసాట్-6, సీఎఫ్‌పీ-10 అనే రెండు ప్రొటీన్ల జన్యువులు ఆ ముక్కలోనే ఉన్నాయి. రక్త పరీక్షలో వాడేది సరిగ్గా ఆ రెండింటినే, కాబట్టి బీసీజీ ఎన్నిసార్లు వేసినా అది పాజిటివ్ కాదు. అయితే మైకోబాక్టీరియం కాన్సాసి, మెరైనం లాంటి కొన్నింటిలో ఈ ప్రొటీన్లు ఉన్నాయి, వాటివల్ల పొరపాటు పాజిటివ్ రావచ్చు.

నెగటివ్‌ను నమ్మే ముందు రక్తం తీసిన పద్ధతి చూడండి. నాలుగు ట్యూబుల పరీక్షలో ఒక్కోదానిలో ఒక మిల్లీలీటరు పడాలి, గోడలకు పూసిన ప్రొటీన్ కరిగేలా పదిసార్లు తలకిందులు చేసి ఊపాలి, 37 డిగ్రీల దగ్గర 16 నుంచి 24 గంటలు ఉంచాలి. మైటోజెన్ (రక్తకణాలను ఎలాగైనా స్పందింపజేసే పదార్థం) ట్యూబులో స్పందన రాకపోతే అది నెగటివ్ కాదు, పరీక్ష తేలనట్టు. విలువ పాజిటివ్‌కు హద్దైన 0.35 గీతకు అటూఇటూ ఉంటే మళ్లీ చేయించండి. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఉంటే మాత్రం ఈ రెండింటినీ పక్కన పెట్టి కఫం పరీక్షకు వెళ్లాలి.

ప్రశ్న: క్షయ రోగి కఫంలో జన్యు పరీక్ష రిఫాంపిసిన్ అనే క్షయ మందు పనిచేయదంటుంది. అదే నమూనా ద్రవ కల్చర్‌లో పనిచేస్తుందంటుంది. తప్పు ఎవరిది? – క్షయ విభాగంలో పనిచేసే వైద్యుడు

చాలాసార్లు తప్పు ఎవరిదీ కాదు, చూస్తున్న చోటు వేరు. రిఫాంపిసిన్ అతుక్కునే ప్రొటీన్‌ను రాసే ఆర్‌పీఓ-బీ జన్యువులో 81 అక్షరాల ముక్కలోనే అత్యధిక మార్పులు వస్తాయి. మొదటి తరం కార్ట్రిడ్జ్ పరీక్ష ఆ ముక్క మీద ఐదు ప్రోబ్‌లు (మామూలు అక్షరాలకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) పరుస్తుంది. ఏ ఒక్కటి అతుక్కోకపోయినా, ఆలస్యమైనా 'నిరోధకత ఉంది' అని చెబుతుంది. మార్పు ఏమిటో అది చదవదు.

అందుకే మూడు సంగతులు చూడాలి. నమూనాలో బ్యాక్టీరియా 'చాలా తక్కువ' అని వచ్చి, రోగికి మందులు పనిచేయని క్షయ ఉండే అవకాశం తక్కువైతే కొత్త కఫంతో పరీక్ష మళ్లీ చేయండి. తక్కువ బ్యాక్టీరియాలో ప్రోబ్ ఆలస్యం కేవలం యాదృచ్ఛికం కావచ్చు. రెండోది నిశ్శబ్ద మార్పు. టీటీసీ, టీటీటీ రెండూ ఫినైల్ అలనిన్‌నే రాస్తాయి. 433వ స్థానంలో ఈ మార్పు వస్తే ప్రొటీన్ చెక్కుచెదరదు, మందు పనిచేస్తుంది, ప్రోబ్ మాత్రం జారిపోతుంది. మూడోది సరిహద్దు మార్పులు. 430, 435, 445, 452 స్థానాల్లో వచ్చే కొన్ని మార్పులు నిరోధకతను కొద్దిగానే పెంచుతాయి, పైగా బ్యాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది. దాంతో ద్రవ కల్చర్ గడువులోపు అది 'లొంగింది' అనిపిస్తుంది. రోగిలో మాత్రం చికిత్స విఫలం కావచ్చు. ఈ కారణంగానే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ద్రవ కల్చర్‌లో రిఫాంపిసిన్ పరీక్షా గాఢతను మిల్లీలీటరుకు 1.0 నుంచి 0.5 మైక్రోగ్రాములకు తగ్గించింది. నిశ్శబ్దమా, సరిహద్దా అన్నది తేల్చేది సీక్వెన్సింగే, అంటే జన్యువును అక్షరం అక్షరం చదవడమే. అది వచ్చేలోగా కల్చర్ ఒక్కదాన్ని చూసి మందు మార్చేయకండి.

దీనికి తిరగబడిన సందర్భమూ ఉంది, అది ఇంకా ప్రమాదకరం. 491వ స్థానంలో ఐసోల్యూసిన్ బదులు ఫినైల్ అలనిన్ వచ్చే మార్పు ఆ 81 అక్షరాల బయట ఉంటుంది. జన్యు పరీక్ష 'పనిచేస్తుంది' అంటుంది, ద్రవ కల్చర్ కూడా చాలాసార్లు అలాగే అంటుంది. ఇప్పుడు ఎస్వాటినీ అని పిలుస్తున్న దేశంలో 2009లో జరిగిన సర్వేను తర్వాత తరచి చూస్తే, పలు మందులకు లొంగని క్షయ రకాల్లో దాదాపు 30 శాతానికి ఈ మార్పే ఉందని తేలింది. రిపోర్టు బాగుండి రోగి కోలుకోకపోతే, ఐసోనియాజిడ్ అనే మరో క్షయ మందుకు నిరోధకత కూడా ఉంటే, ఆర్‌పీఓ-బీ జన్యువును పూర్తిగా చదివించండి.

ప్రశ్న: కోరింత దగ్గు టీకాలోని ఒక ప్రొటీన్‌ను బ్యాక్టీరియా వదిలేసిందట. అయినా టీకా వేయించడం దండగ కాదా? – ఒక పాఠకుడు

దండగ కాదు. కణరహిత టీకాలో మొత్తం బ్యాక్టీరియా బదులు దాని ప్రొటీన్లు ఒకటి నుంచి ఐదు ఉంటాయి, వాటిలో పెర్టాక్టిన్ ఒకటి. చాలా రకాల్లో ఆ జన్యువు మధ్యలో ఐఎస్-481 అనే సంచార డీఎన్‌ఏ ముక్క వచ్చి కూర్చుంది, ప్రొటీన్ తయారీ ఆగిపోయింది. అమెరికాలో 2011 నుంచి 2013 మధ్య పరీక్షించిన నమూనాల్లో 85 శాతం ఇలాంటివే. టీకాలు పడిన జనంలో పెర్టాక్టిన్ లేకపోవడం దానికి లాభమే అయింది. కానీ అసలు జబ్బు చేసేది పెర్టసిస్ విషం. ప్రతి కణరహిత టీకాలోనూ అది ఉంది, దాన్ని వదిలేసిన రకాలు అత్యంత అరుదు. విషానికి ఎదురు యాంటీబాడీలున్న పసిబిడ్డకు ప్రాణాపాయం తగ్గుతుంది. గర్భిణికి టీకా వేస్తే ఆ యాంటీబాడీలు బిడ్డకు చేరతాయి, కాబట్టి ఆ డోసును వదులుకోకండి.

ఈ ఐఎస్-481 ముక్కనే పీసీఆర్‌లోనూ లక్ష్యంగా పెట్టుకుంటారు. కోరింత దగ్గు బ్యాక్టీరియాలో దాని నకళ్లు రెండు వందలకు పైగా ఉండటంతో కొద్దిపాటి బ్యాక్టీరియా ఉన్నా దొరికిపోతుంది. లోపం కూడా అక్కడే ఉంది. బోర్డెటెల్లా హోమ్సియై అనే మరో జాతిలో అవే నకళ్లు కొన్ని ఉంటాయి. అందుకే సీటీ 35 దాటిన పాజిటివ్‌ను పెర్టసిస్ విషపు జన్యువుతో సరిచూడాలి. ఇంకొకటి, కొన్ని కణరహిత టీకాల్లో ఈ డీఎన్‌ఏ అవశేషాలు ఉంటాయి. టీకా సిరంజి నింపిన బల్ల మీదే స్వాబ్ తెరిస్తే, టీకా డీఎన్‌ఏ స్వాబ్‌కు అంటి ఆరోగ్యంగా ఉన్న బిడ్డ పాజిటివ్ అవుతుంది. రెండు పనులకూ వేర్వేరు చోట్లు, స్వాబ్ తీసే ముందు కొత్త గ్లవ్స్ తప్పనిసరి. స్వాబ్ ముక్కు వెనుక భాగం నుంచి తీయాలి, కొస పాలిస్టర్ లేదా నైలాన్‌ది కావాలి. దూదిది పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. దగ్గు మొదలైన మూడు వారాల్లోపు తీస్తేనే ఫలితం నమ్మదగినది.

ప్రశ్న: మరి ధనుర్వాతం, కంఠసర్పి టీకాలు ఇన్నేళ్లుగా మారలేదెందుకు? – ఉపాధ్యాయుడు

అవి బ్యాక్టీరియాను కాదు, దాని విషాన్ని పట్టుకుంటాయి. ధనుర్వాతం మనిషి నుంచి మనిషికి పాకదు, కాబట్టి టీకా వేసుకున్నవారి మధ్య తప్పించుకునే రకాలు వడకట్టబడే అవకాశమే లేదు. కంఠసర్పి విషపు జన్యువును ఒక ఫేజ్ మోసుకొస్తుంది, ఆ జన్యువులో మార్పులు తక్కువ. ల్యాబ్‌లో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. కొన్ని రకాల్లో ఆ జన్యువు ఉండి కూడా మధ్యలో అక్షరాలు పోవడంతో విషం తయారు కాదు. పీసీఆర్ పాజిటివ్, విషం తయారవుతోందా అని చూసే ఎలెక్ పరీక్ష నెగటివ్ వస్తే అదీ సంగతి. రోగి గొంతులో పొర ఉంటే మాత్రం ఎలెక్ కోసం ఎదురుచూడకుండా యాంటీటాక్సిన్ మొదలుపెట్టాలి.

ప్రశ్న: కొత్త టీకాకు ఆనవాలును ఎలా ఎంచుతారు? మెనింగోకాకస్ బి టీకా అంత ఆలస్యమైందేం? – ఎం.ఫార్మసీ విద్యార్థి

మెనింగోకాకస్‌లో ఎ, సి, డబ్ల్యు, వై వర్గాలకు కవచమే ఆనవాలు. బి వర్గపు కవచం మన నాడీకణాల మీదుండే చక్కెర గొలుసును పోలి ఉంటుంది, దాన్ని శరీరం పరాయిదిగా చూడదు. దాంతో కవచాన్ని వదిలి పైనున్న ప్రొటీన్ల వైపు మళ్లాల్సి వచ్చింది. అవేమో రకానికో తీరుగా మారిపోతాయి.

2000లో ప్రచురించిన ఎంసీ58 అనే బి వర్గపు రకం జన్యుపటంతో దారి తెరుచుకుంది. పైకి కనిపించేలా ఉన్న 570 ప్రొటీన్లను కంప్యూటర్‌లో ఏరి, వాటిలో 350ని ఈ-కోలైలో తయారుచేసి ఎలుకలకు ఇచ్చారు. యాంటీబాడీ అతుక్కుంటే చాలదు, అది కాంప్లిమెంట్ అనే రక్తంలోని రక్షణ ప్రొటీన్లతో కలిసి బ్యాక్టీరియాను చంపాలి. ఆ జల్లెడలో చివరికి మిగిలిన మూడు ప్రొటీన్లకు, న్యూజిలాండ్ రకపు బయటి పొర బుడగలను జోడించి 2013లో ఐరోపాలో అనుమతి పొందారు. ఒక్కదాన్నే నమ్ముకుంటే ఒంటి స్తంభం మేడ కట్టినట్టే. ఆ మూడింటిలో ఒకటైన నాడ్-ఎ చాలా రకాల్లో అసలు లేనే లేదు. మన రక్తంలోని హెచ్-ఫ్యాక్టర్‌ను పట్టుకునే ప్రొటీన్ దాదాపు అన్నింటిలో ఉంది, ఎందుకంటే కాంప్లిమెంట్ దాడి నుంచి బ్యాక్టీరియాను కాపాడేది అదే. కానీ ఒక ఉపవంశానికి చెందిన ఆ ప్రొటీన్‌కు తయారైన యాంటీబాడీ, మరో ఉపవంశపు ప్రొటీన్ ఉన్న బ్యాక్టీరియాను సరిగ్గా చంపదు. అందుకే ఇంకో టీకాలో రెండు ఉపవంశాల నుంచీ ఒక్కొక్కటి పెట్టారు. ఒక ప్రాంతంలో ఈ టీకాలు ఎంత పనిచేస్తాయో తెలియాలంటే అక్కడి రకాల్లో ఈ ప్రొటీన్ల జన్యువులు చదవాలి, అవి ఎంత తయారవుతున్నాయో కొలవాలి. జన్యువు ఉండి ప్రొటీన్ తక్కువైతే యాంటీబాడీకి పట్టు దొరకదు.

కవచం ఆనవాలుగా ఉన్న వర్గాల్లోనూ పని అయిపోలేదు. ఆఫ్రికా మెనింజైటిస్ ప్రాంతంలో 2010లో ఎ వర్గపు టీకా మొదలయ్యాక ఎ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. సి, డబ్ల్యు, ఎక్స్ వర్గాలు మాత్రం వ్యాప్తులు తెస్తూనే వచ్చాయి. ఎ, సి, డబ్ల్యు, వై, ఎక్స్ ఐదింటికీ కలిపి చేసిన టీకాకు 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం వచ్చింది, 2024లో నైజీరియా దాన్ని అందరికంటే ముందు వాడింది. అందులో బి లేదు, కారణం పైన చెప్పిన ఆ చక్కెర గొలుసే.